అమెరికా వెళ్తున్న మన పిల్లలకి: పాత నానుడి, కొత్త తగువు

జూన్ వచ్చిందంటే విజయనగరంలో అమెరికా ప్రయాణాల హడావుడి మొదలవుతుంది. గంటస్తంభం చుట్టుపక్కల షాపుల్లో పెద్ద సూట్‌కేసులు, చిన్న కుక్కర్లు కొనేవాళ్ళలో రాజాం, బొబ్బిలి, పాలకొండ, నరసన్నపేట వైపు నుంచి వచ్చినవాళ్ళు చాలామంది కనిపిస్తారు. బ్యాంకు అకౌంటు ఎక్కడ తెరవాలి, సిమ్ ఏది తీసుకోవాలి, ఆవకాయ కస్టమ్స్‌లో ఆపుతారా లాంటివన్నీ మీ సీనియర్లు చెప్తారు. అక్కడ కొన్నాళ్ళు చదివి, ఉద్యోగం చేసి వచ్చినవాణ్ణి కనుక, వాళ్ళు చెప్పని సంగతి ఒకటి నేను చెప్తాను.

వెళ్ళిన ఏడాదిలోపే మీకు ఇలాంటి తగువు ఒకటి తగులుతుంది. ఒక కోచో, ప్రొఫెసరో, మేనేజరో ఏదో పాత నానుడి వాడతాడు. మర్నాటికి క్యాంపస్ రెండుగా చీలిపోతుంది. అది జాతిని కించపరిచే మాట అని కొందరు, ఎప్పటినుంచో ఉన్న మాటే, ఆయన మనసులో ఏమీ లేదని కొందరు. మన పిల్లల వాట్సాప్ గ్రూపులో మాత్రం సాధారణంగా ఒకే రాగం వినిపిస్తుంది: "ఏటీ గోల? వీళ్ళకి ప్రతిదీ తప్పే!" మీరు కూడా ఆ రాగం అందుకునే ముందు ఈ నాలుగు సంగతులు చదవండి.

ఒక కోచ్, ఒక ఓటమి

నెబ్రాస్కా రాష్ట్రం ఒమాహాలో క్రైటన్ యూనివర్సిటీ ఉంది. 2021లో అక్కడ బాస్కెట్‌బాల్ కోచ్‌గా గ్రెగ్ మెక్‌డెర్మాట్ ఉండేవాడు. ఆ ఏడాది ఫిబ్రవరి 27న ఆయన జట్టు జేవియర్ యూనివర్సిటీ చేతిలో ఓడిపోయింది. మ్యాచ్ అయ్యాక ఆటగాళ్ళని కూర్చోబెట్టి, అందరం కలిసి ఉండాలి, ఎవరూ ప్లాంటేషన్ వదిలి వెళ్ళకూడదు అన్నాడు. ఓడినా చెదిరిపోవద్దన్నది ఆయన ఉద్దేశం. వింటున్నవాళ్ళలో నల్లజాతి కుర్రాళ్ళు ఉన్నారు, ఆ జాతికే చెందిన అసిస్టెంట్ కోచ్ కూడా ఉన్నాడు. వాళ్ళకి ఆ మాట గట్టిగా తగిలింది.

మన చెవికి అది అంత ఘోరంగా వినపడదు. ప్లాంటేషన్ అంటే తోట. ఉద్దానంలో కొబ్బరితోట, పలాసలో జీడితోట గుర్తొస్తాయి. "తోట దాటి పోకండ్రా" అంటే తాతయ్య మందలించినట్టు ఉంటుంది. పైగా మన గ్రౌండుల్లో పీఈటీ మాస్టారు "దున్నపోతులా నడుస్తావేట్రా" అన్నా ఎవరూ మనసులో పెట్టుకోరు. ఆ అలవాటుతో చూస్తే మెక్‌డెర్మాట్ మాట తిట్టే కాదు.

అమెరికాలో ప్లాంటేషన్ అంటే పత్తి, పొగాకు, చెరకు పండించడానికి ఆఫ్రికా నుంచి తెచ్చిన మనుషుల్ని, వాళ్ళ పిల్లల్ని ఆస్తిలాగా ఉంచుకున్న చోటు. అక్కడినుంచి వెళ్ళిపోవడం నేరం. పారిపోయి బానిసత్వం లేని రాష్ట్రానికి చేరుకున్నా, పట్టుకుని యజమానికి అప్పగించాలని 1850లో దేశమంతటికీ వర్తించే చట్టం చేశారు. 1865లో గానీ బానిసత్వం రద్దు కాలేదు. అంటే "వదిలి వెళ్ళొద్దు" అన్న ముక్కే అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకునే ముక్క. కోచ్ ధైర్యం చెప్పడానికి ఎంచుకున్నది సరిగ్గా అదే.

ఇందులో డబ్బు సంగతి కూడా ఉంది, మనవాళ్ళు దాన్ని అసలు గమనించరు. ఆ రోజుల్లో కాలేజీ ఆటగాళ్ళకి స్కాలర్‌షిప్ దక్కేది గానీ, తమ పేరు మీద, ఫొటో మీద సంపాదించుకునే హక్కు లేదు. అది 2021 జులై 1న వచ్చింది, ఈ గొడవ జరిగిన నాలుగు నెలలకి. అప్పటిదాకా టికెట్ల డబ్బు, టీవీ డబ్బు యూనివర్సిటీలకి పోయేది, పెద్ద జట్ల కోచ్‌లకి మిలియన్ డాలర్ల జీతాలు ఉండేవి. కాలేజీ క్రీడల సంఘాన్ని 1951 నుంచి 1988 దాకా నడిపిన వాల్టర్ బైయర్సే రిటైరయ్యాక ఈ పద్ధతిని ప్లాంటేషన్ మనస్తత్వంతో పోల్చాడు. విమర్శకులు వాడే మాటని కోచ్ స్వయంగా తన జట్టుకి వాడితే వినేవాడికి ఎలా ఉంటుందో ఆలోచించండి.

మెక్‌డెర్మాట్ ఒక పని మాత్రం బాగా చేశాడు. తను అన్న మాటల్ని ఉన్నవి ఉన్నట్టు రాసి, తప్పని ఒప్పుకుని, బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. యూనివర్సిటీ మార్చి 4న ఆయన్ని సస్పెండ్ చేసింది. ఒక మ్యాచ్‌కి దూరమయ్యాడు, 8న మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. నా లెక్కలో అది సరైన మోతాదు. ఉద్యోగం పీకేసి ఉంటే ఎక్కువయ్యేది, ఏమీ జరగనట్టు ఊరుకుంటే తక్కువయ్యేది.

ఇది మనకి సంబంధించని చరిత్ర అనుకునేవాళ్ళకి ఒక సంగతి. నేటి శ్రీకాకుళం జిల్లాలో చాలా భాగం 1936 దాకా గంజాం జిల్లాలో ఉండేది, విజయనగరం ప్రాంతం వైజాగపటం జిల్లాలో ఉండేది. ఆ జిల్లాల నుంచి ఎందరో కాగితం మీద వేలిముద్ర వేసి నాటాల్‌కి (నేటి దక్షిణాఫ్రికాలోది), మారిషస్‌కి, ఫిజీకి చెరకు తోటల పనికి వెళ్ళారు. మద్రాసులో బయల్దేరిన ట్రూరో ఓడ 1860 నవంబర్ 16న డర్బన్ చేరింది, నాటాల్‌కి భారతీయ కూలీల్ని తీసుకెళ్ళిన మొదటి ఓడ అదే. వాళ్ళది బానిసత్వం కాదు, గడువున్న ఒప్పందం. కానీ ఆ గడువులోపు నాటాల్ ఎస్టేటు దాటాలంటే యజమాని రాసిచ్చిన పాస్ ఉండాలి. తోట వదిలి వెళ్ళకూడదన్న మాట మన ముత్తాతల కాలంవాళ్ళూ విన్నదే.

అన్నిటినీ ఒకే గాటన కట్టొద్దు

ఎవరో నొచ్చుకున్నారు కాబట్టి మాట తప్పే అని కూడా నేను అనను. 1999లో వాషింగ్టన్ నగర మేయర్ ఆఫీసులో పనిచేసే డేవిడ్ హోవార్డ్ బడ్జెట్ గురించి మాట్లాడుతూ పిసినారితనం అనే అర్థమున్న పాత ఇంగ్లిష్ మాట ఒకటి వాడాడు. స్కాండినేవియా భాషల నుంచి వచ్చిన మాట అది, నల్లవాళ్ళతో దానికి ఏ సంబంధమూ లేదు. వినడానికి మాత్రం ఒక ఘోరమైన తిట్టుకి దగ్గరగా ఉంటుంది. గోల పెరిగి హోవార్డ్ రాజీనామా చేశాడు, మేయర్ ఒప్పుకున్నాడు. అప్పుడు నల్లజాతి హక్కుల కోసం పనిచేసే పెద్ద సంఘానికి ఛైర్మన్‌గా ఉన్న జూలియన్ బాండే హోవార్డ్ పక్షాన మాట్లాడాడు. తరువాత మేయర్ అతన్ని వెనక్కి పిలిచాడు. ఆ తగువులో తప్పు విన్నవాళ్ళదే అని నా అభిప్రాయం. అయినా ఆ మాట మీకు అక్కర్లేదు, నేర్చుకోకండి.

ఈ రెండింటికీ మధ్యలో పడేది మన పోటీ పరీక్షల పుస్తకాల్లో తప్పకుండా ఉండే "కాల్ ఎ స్పేడ్ ఎ స్పేడ్". 1542లో ఎరాస్మస్ రచనని ఇంగ్లిష్‌లోకి తెచ్చినప్పుడు ఆ భాషలోకి వచ్చింది, దాని మూలం ప్రాచీన గ్రీకులో ఉంది. అందులో స్పేడ్ అంటే మట్టి తవ్వే పార. కానీ ఇరవయ్యో శతాబ్దంలో అమెరికాలో అదే మాటని నల్లవాళ్ళని తిట్టడానికి వాడారు. ఎవరైనా కోచ్ ఇది అంటే, చెడ్డ ఉద్దేశంతో అన్నాడని నేను అనుకోను. కానీ మీటింగులో ఒక్క నల్లజాతి మనిషి కూర్చుని ఉన్నప్పుడు ఆ మాట గాలిలో ఒక క్షణం నిలబడిపోతుంది. కుండబద్దలు కొట్టినట్టు చెప్పడానికి ఇంగ్లిష్‌లో వేరే మాటలు బోలెడున్నాయి.

2018 ఏప్రిల్‌లో ఓక్లహామా సిటీ బాస్కెట్‌బాల్ జట్టు కామెంటేటర్ బ్రయాన్ డేవిస్, రస్సెల్ వెస్ట్‌బ్రూక్ ఆటని మెచ్చుకుంటూ "కాటన్ పికింగ్ మైండ్" అన్నాడు. మెచ్చుకోలే, అయినా పత్తి ఏరడం అన్నది ఒక నల్లజాతి ఆటగాడి గురించి వాడాడు. డేవిస్‌ని ఒక మ్యాచ్‌కి పక్కన పెట్టారు.

మీరు చూడాల్సింది మూడు సంగతులు: ఆ మాట ఎక్కడినుంచి వచ్చింది, ఎవరు ఎవరితో అన్నారు, అడిగాక ఎలా ప్రవర్తించారు. నా మటుకు రెండోది అన్నిటికంటే ముఖ్యం. ఆటలో చోటు, స్కాలర్‌షిప్ తన చేతిలో ఉన్న మనిషి అన్న మాటకీ, పక్కవాడు అన్న మాటకీ తేడా ఉంది. మొదటివాడు అన్నప్పుడు తిరిగి అడగడం కుర్రాడికి కుదరదు.

మన నోట ఉన్నవి

మనవి గోధుమ రంగు ఒళ్ళు, మనకి జాతి వివక్ష ఏమిటి అంటారు మనవాళ్ళు. 2020 జూన్‌లో వెస్టిండీస్ మాజీ కెప్టెన్ డారెన్ సామీ చెప్పింది గుర్తు తెచ్చుకోండి. ఐపీఎల్‌లో హైదరాబాద్ జట్టుకి ఆడే రోజుల్లో తననీ, శ్రీలంక ఆటగాడు తిసారా పెరీరానీ "కాలూ" అని పిలిచేవారని, బలమైన గుర్రం అని అర్థం కాబోలు అనుకున్నానని, అసలు అర్థం నల్లోడు అని తెలిశాక కోపం వచ్చిందని అన్నాడు. వాళ్ళలో ఒకరు తరువాత తనతో మాట్లాడి ప్రేమతోనే పిలిచానన్నారని, ఆ మాట నమ్ముతున్నానని కూడా చెప్పాడు. ప్రేమ నిజమే కావచ్చు. పిలుపు మాత్రం ఇకపై వద్దు.

అమెరికాలో మన పిల్లలు బస్సులో తెలుగులో మాట్లాడుకుంటూ ఇదే మాట వాడతారు, ఎదుటివాళ్ళకి తెలుగు రాదన్న ధీమాతో. మీ చూపు ఎటు తిరిగిందో, గొంతు ఎక్కడ తగ్గిందో వాళ్ళకి బాగా తెలుస్తుంది. ఆ మాట హిందీవాళ్ళ ద్వారా ఎప్పుడో పాకిపోయింది కూడా.

"నీగ్రో" మరో చిక్కు. మన పాత స్కూలు పుస్తకాల్లో, పత్రికల్లో మామూలు మాటలాగే ఉండేది, అందుకే పెద్దవాళ్ళు ఏ చెడు ఉద్దేశమూ లేకుండా వాడేస్తారు. అక్కడ దానిని తిట్టుగానే తీసుకుంటారు. అలాగే మనం రోజూ వాడే "కూలీ" మాట. దక్షిణాఫ్రికా, గయానా, ట్రినిడాడ్ నుంచి వచ్చిన భారత సంతతి క్లాస్‌మేట్స్ దగ్గర నవ్వులాటకి కూడా అనకండి. గాంధీగారిని దక్షిణాఫ్రికాలో "కూలీ బారిస్టర్" అని పిలిచింది గౌరవంతో కాదు.

ఇంకోటి, కాస్త ఇబ్బందికరమైనది. కులం పేరుతో ఉన్న సామెతలు మన ఊళ్ళలో బోలెడు. అడిగితే "సామెత నాయనా, తప్పేటి?" అంటారు. ఆ కోచ్‌ని వెనకేసుకొచ్చినవాళ్ళ వాదనా అదే. సీతంపేట వైపు నుంచి వచ్చిన సవర, జాతాపు పిల్లల్ని హాస్టల్లో "కొండోడు" అని పిలిచే అలవాటుంటే దాన్ని విమానం ఎక్కించకండి. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షని నిషేధిస్తూ చట్టం చేసింది, అక్కడి మన ఆఫీసుల్లో ఆ సంగతి అందరికీ తెలుసు. మన యాసని కోస్తా కాలేజీల్లో, సినిమాల్లో ఎలా వెక్కిరిస్తారో మీకు అనుభవమే. "సరదాకే కదా" అని వాళ్ళూ అంటారు, మనం నవ్వేసి ఊరుకుంటాం. అలా నవ్వినప్పుడు లోపల ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

మీ దాకా వస్తే

మీ నోరు జారితే ఒక వాక్యంలో క్షమాపణ చెప్పండి. "నొచ్చుకుని ఉంటే" అని తోక తగిలించకండి, మా దేశంలో ఇది మామూలే అని ఉపన్యాసం ఇవ్వకండి. ఆ మాట ఎందుకు తప్పో నొచ్చుకున్న మనిషినే కూర్చోబెట్టి అడగడం కూడా బాగోదు, ఇంటికెళ్ళి చదువుకోండి.

మీ కోచ్, ప్రొఫెసర్ లేదా గైడ్ మిమ్మల్నే అలాంటి మాట అంటే, ఆ రోజే తేదీ, మాటలు, అక్కడ ఎవరున్నారో రాసి పెట్టుకోండి. ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసులో ముందు మాట్లాడండి. 1964 పౌరహక్కుల చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థలు జాతి, రంగు, పుట్టిన దేశం ఆధారంగా వివక్ష చూపకూడదు, ఫిర్యాదు చేసినవాళ్ళ మీద కక్ష తీర్చుకోకూడదు. వీసా మీద వచ్చిన విద్యార్థులకీ ఇది వర్తిస్తుంది. వీసా పోతుందేమో అన్న టెన్షన్‌తో మన పిల్లలు నోరు నొక్కుకుంటారు. న్యాయంగా ఫిర్యాదు చేయడం వీసా రద్దుకి కారణం కాదు.

ఇంట్లోవాళ్ళతో చెప్తే "మనకెందుకురా, చదువు చూసుకో" అంటారు. వాళ్ళ భయం వాళ్ళది. చెప్పి చేయండి గానీ, వాళ్ళు వద్దన్నారని ఆగిపోకండి.

చివరిగా, అమ్మానాన్నలు మీ దగ్గరికి వచ్చేటప్పుడు ఆ "నీగ్రో" మాట సంగతి ముందే ఫోన్‌లో చెప్పేయండి. అపార్ట్‌మెంట్ లిఫ్టులో, పక్కింటాయన నిలబడి ఉండగా చెవిలో చెప్తే మీ నాన్నగారు కచ్చితంగా "ఏటి? ఏ మాటా?" అని గట్టిగా అడుగుతారు.