రష్ మొదలయ్యేలోపే పిల్లలతో మాట్లాడండి

ఆగస్టులో అమెరికా యూనివర్సిటీలు తెరుచుకుంటాయి. ఆ వెంటనే చాలాచోట్ల ఫ్రాటర్నిటీలు (అబ్బాయిల సంఘాలు), సొరారిటీల (అమ్మాయిల సంఘాలు) 'రష్', అంటే కొత్త సభ్యుల ఎంపిక మొదలవుతుంది. బిడ్ (చేరమనే ఆహ్వానం) వచ్చిన పిల్లలు కొన్ని వారాలు 'ప్లెడ్జ్'లుగా ఉండి, ఆ తర్వాత సభ్యులవుతారు. చేర్చుకునే పేరుతో కొత్తవాళ్లను హింసించడాన్ని 'హేజింగ్' అంటారు. అది ప్రాణాల మీదకు వచ్చిన సంఘటనల్లో ఎక్కువ భాగం ఆ కొన్ని వారాల్లో జరిగినవే. అందుకే ఇక్కడ పిల్లల్ని కాలేజీకి పంపుతున్న తెలుగు తల్లిదండ్రులకు ఇది రాస్తున్నాను.

మనం ర్యాగింగ్ చూసి పెరిగినవాళ్లం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని నిషేధిస్తూ 1997లోనే చట్టం వచ్చింది. హేజింగ్ కూడా ఆ కోవలోదే కానీ ఒక తేడా ఉంది. ర్యాగింగ్‌లో జూనియర్ దొరికిపోతాడు. ఇక్కడ పిల్లలు కోరి వెళ్తారు. అందుకే ఏం జరిగినా ఇంట్లో చెప్పరు, అడిగితే "నేను ఒప్పుకునే చేశాను కదా" అంటారు. టెక్సాస్, పెన్సిల్వేనియా, ఫ్లోరిడా చట్టాల్లో ఈ మాట చెల్లదు. ప్లెడ్జ్ ఒప్పుకున్నా, హేజింగ్ చేయించినవాళ్ల నేరం నేరమే. ఈ ఒక్క విషయం పిల్లలకు ముందే తెలియాలి.

"వాడు చేరింది మనవాళ్ల ఫ్రాటర్నిటీయేలెండి" అనే ధీమా వద్దు. 1990ల్లో మొదలై దక్షిణాసియా పిల్లల ఫ్రాటర్నిటీలు, సొరారిటీలు చాలా క్యాంపస్‌లకు వ్యాపించాయి. స్నేహాలకు అవి మంచివే కావచ్చు. కానీ 2013 డిసెంబర్‌లో న్యూయార్క్‌లోని బరూక్ కాలేజీ మొదటి ఏడాది విద్యార్థి ఒకరు చనిపోయింది ఆసియన్ అమెరికన్ ఫ్రాటర్నిటీ అయిన పై డెల్టా సై వాళ్ల కార్యక్రమంలోనే. పెన్సిల్వేనియా కొండల్లో అద్దెకు తీసుకున్న ఇంటి దగ్గర, చలిలో, కళ్లకు గంతలు కట్టి, ఇసుక నింపిన బరువైన బ్యాగు వీపున వేసి, ఒకరి తర్వాత ఒకరు గుద్ది పడేశారు. స్పృహ తప్పాక వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లకుండా ఇంటర్నెట్‌లో లక్షణాలు వెతికారు. ఈ కేసులో 37 మంది మీద అభియోగాలు వచ్చాయి. జాతీయ సంస్థనే కోర్టు దోషిగా తేల్చి, పెన్సిల్వేనియాలో పదేళ్లు కార్యకలాపాలు నడపకుండా నిషేధించింది.

ఆ 37 మంది గురించి నేను ఎక్కువ ఆలోచిస్తాను. మన పిల్లలకు ఏమవుతుందో అని భయపడతాం సరే. ఈ ఏడాది ప్లెడ్జ్‌గా ఉన్న కుర్రాడే వచ్చే ఏడాది సీనియర్ అవుతాడు. 'బిగ్ బ్రదర్' అయి, తన 'లిటిల్' (తనకు అప్పగించిన ప్లెడ్జ్) చేతికి మందు సీసా ఇచ్చేది అతనే. 2021లో ఒహాయోలోని బౌలింగ్ గ్రీన్ యూనివర్సిటీలో ఒక కుర్రాడి ప్రాణం పోయింది సరిగ్గా అలాంటి రాత్రే. కాబట్టి చేరేటప్పుడు చెప్పే జాగ్రత్తలు రెండో ఏడాది మళ్లీ చెప్పండి. ముఖ్యంగా, 21 ఏళ్లు నిండనివాళ్లకు మందు కొనిపెట్టడం కూడా నేరమేనని చెప్పండి.

అన్నిటికంటే ముందు గుర్తుండాల్సింది 911, అమెరికాలో అత్యవసర సాయం నంబర్. 2017లో పెన్ స్టేట్ యూనివర్సిటీలో ఒక విద్యార్థి మెట్ల మీద నుంచి పడ్డాక, అక్కడున్నవాళ్లు ఫోన్ చేయడానికి దాదాపు 12 గంటలు పట్టింది. అతను బతకలేదు. "పడుకుంటే దిగిపోతుందిలే" అనే మాటను నమ్మకూడదు. తాగి లేపినా లేవకపోతే, ఊపిరి నెమ్మదిస్తే, ఒళ్లు చల్లబడితే వెంటనే ఫోన్ చేయాలి. మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, ఒంటరిగా వదలకూడదు. సాయం కోసం ఫోన్ చేసి, పేరు చెప్పి, అక్కడే ఉండి సహకరించినవాళ్లకు చాలా రాష్ట్రాల చట్టాలు కొంత రక్షణ ఇస్తాయి. మీ పిల్లలున్న రాష్ట్రంలో అది ఎంతవరకో ముందే చదివి పెట్టుకోండి. "ఫోన్ చేస్తే నాన్న తిడతాడు" అనే టెన్షన్ మాత్రం మీరే తీసేయాలి. ఏ స్థితిలో ఫోన్ చేసినా ముందు తిట్టనని మాట ఇవ్వండి.

చేరే ముందు చాప్టర్ (ఆ క్యాంపస్‌లోని శాఖ) చరిత్ర చూడండి. 2024 డిసెంబర్‌లో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం, హేజింగ్ నియమాలు ఉల్లంఘించాయని తేలిన సంస్థల వివరాలను యూనివర్సిటీలు తమ వెబ్‌సైట్‌లో పెట్టాలి. సస్పెండయిన చాప్టర్ రహస్యంగా నడుస్తుంటే అటు వెళ్లనే వద్దు, అక్కడ అడిగే దిక్కుండదు. సొరారిటీ అయితే ఇంటి అద్దె ఒప్పందాన్ని అమ్మాయి సంతకం పెట్టకముందే మీరూ చదవండి. మధ్యలో మానేసినా ఏడాది డబ్బు కట్టాల్సి రావచ్చు. ఇన్సూరెన్స్ సంగతీ అడగండి. నియమాలు మీరిన సభ్యుడికి సంస్థ పాలసీ వర్తించకపోవచ్చు. అప్పుడు దావా వేసినవాళ్ల చూపు తల్లిదండ్రుల హోమ్ ఇన్సూరెన్స్ మీదకు వస్తుంది.

ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద వచ్చినవాళ్లకు, హెచ్-4 (తల్లిదండ్రుల వర్క్ వీసాతో వచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకు ఇంకో ముప్పుంది. ఎఫ్-1 విద్యార్థిని కాలేజీ సస్పెండ్ చేస్తే స్టేటస్ పోయే ప్రమాదం ఉంటుంది. ఇక క్రిమినల్ కేసులో చిన్న శిక్షతో పోతుంది కదా అని నేరం ఒప్పుకుంటే, తర్వాత వీసా దగ్గర అడ్డం పడవచ్చు. అందుకే క్రిమినల్ లాయర్‌తో పాటు ఇమ్మిగ్రేషన్ లాయర్‌నూ అడిగాకే సంతకం పెట్టాలి. పోలీసులకు అబద్ధం చెప్పొద్దు. లాయర్ కావాలని అడిగి, వచ్చేదాకా మౌనంగా ఉండటం పిల్లల హక్కు. గ్రూప్ చాట్‌లో సీనియర్లు "అన్నీ డిలీట్ చేయండి" అంటే చేయకూడదు, అది విడిగా ఇంకో కేసు అవుతుంది. ఫోన్ అలాగే ఉంచి, ముందు మీకు ఫోన్ చేయమనండి.