ఏపీ ఈఏపీసెట్‌లో (ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షలో) ఎంతొస్తే సీటొస్తుంది?

ఎన్ని మార్కులొచ్చాయన్నది చూసి సీటు సంగతి చెప్పలేం. మీరు కోరుకున్న కాలేజీలో, ఆ బ్రాంచిలో, మీ కేటగిరీకి నిరుడు ఆఖరి సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో చూడాలి. మీ ర్యాంకు దానికి లోపల ఉంటేనే అది మంచి ర్యాంకు.

ఇంజినీరింగ్‌కి 160 ప్రశ్నలు: లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. మైనస్ మార్కులు లేవు, ఒక్క ప్రశ్న కూడా వదలొద్దు. అర్హతకి 40 మార్కులు కావాలి (ఎస్సీ, ఎస్టీలకు ఈ షరతు లేదు). 40తో ర్యాంకు వస్తుంది గానీ మంచి సీటు రాదు.

నార్మలైజ్ చేసిన (వేర్వేరు పూటల పేపర్ల కష్టాన్ని బట్టి సరిచేసిన) ఈఏపీసెట్ మార్కులకు 75 శాతం, ఇంటర్ గ్రూపు సబ్జెక్టులకు 25 శాతం వెయిటేజీ. 80 మార్కులొస్తే 37.5, ఇంటర్‌లో 90 శాతముంటే 22.5, మొత్తం 60. ఇంటర్ 80 శాతానికి పడిపోతే 2.5 పోతుంది. దాన్ని పూడ్చుకోవాలంటే ఈఏపీసెట్‌లో ఐదారు మార్కులు అదనంగా తేవాలి. మధ్య ర్యాంకుల్లో అది వేల ర్యాంకుల తేడా. అందుకే ఇంటర్‌ని తేలిగ్గా తీసుకోవద్దు.

కౌన్సెలింగ్ అయ్యాక వచ్చే లాస్ట్ ర్యాంకుల జాబితాలో అబ్బాయిలకు, అమ్మాయిలకు, ప్రతి కేటగిరీకి వేరే గడి ఉంటుంది. బీసీ-డీ అమ్మాయి ఓసీ అబ్బాయిల గడి చూసి దిగులుపడితే లాభం లేదు. రెండు మూడేళ్ల జాబితాలు పక్కపక్కన పెట్టుకోండి. రాజాం కాలేజీని పాత జాబితాల్లో శ్రీకాకుళం జిల్లా కింద వెతకాలి, అది విజయనగరంలో కలిసింది 2022లో. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ ఈ లెక్కలోకే రాదు, అక్కడ సీటు పదో తరగతి మార్కుల మీద.

85 శాతం సీట్లు లోకల్ వాళ్లకే, అంటే కాలేజీ ఉన్న యూనివర్సిటీ ప్రాంతం వాళ్లకే. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండూ ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం కిందికొస్తాయి. ఇచ్ఛాపురం, పాతపట్నం వైపు పిల్లలు ఒడిశాలోని బరంపురంలోనో పర్లాకిమిడిలోనో ఇంటర్ చదివితే లోకల్ హోదాకి చిక్కొస్తుంది. ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ముందే తీసి ఉంచండి.

వెబ్ ఆప్షన్లలో (కౌన్సెలింగ్‌కి ఆన్‌లైన్‌లో ఇచ్చే కాలేజీల, బ్రాంచిల జాబితాలో) నచ్చిన వరసే పెట్టండి. విజయనగరం జేఎన్‌టీయూ మొదట పెట్టి అది రాకపోయినా, కింద పెట్టిన టెక్కలి సీటుకి నష్టం లేదు. నష్టమంతా పది ఆప్షన్లతో ఆపేస్తేనే. నిరుడు మీ ర్యాంకుకి బాగా వెనక దాకా సీట్లిచ్చిన కాలేజీలు కూడా చివర్లో కొన్ని చేర్చి, అప్పుడు ఫ్రీజ్ (ఖరారు) చేయండి.