బండి స్టార్ట్ కావట్లేదా? ముందు సెల్ఫ్ చప్పుడు వినండి

పొద్దున్నే కారు మొరాయిస్తే చుట్టుపక్కల వాళ్లంతా అనే మాట ఒకటే: బ్యాటరీ పోయింది. తొందరపడి సికింద్రాబాద్ రాణీగంజ్ వెళ్లి కొత్తది కొనకండి. ఏసీ, పాటలు ఆపి, హెడ్‌లైట్లు వేసి ఒక్కసారి సెల్ఫ్ కొట్టండి.

టకటకమని వరసగా కొట్టుకుంటూ లైట్లు మసకబారితే కరెంటు చాలట్లేదు. ఒకే ఒక్క టక్ వినపడి, లైట్లు మాత్రం నిండుగా వెలుగుతుంటే సెల్ఫ్ మోటారునో, దానికి కరెంటు వదిలే స్విచ్చు సోలినాయిడ్‌నో అనుమానించాలి. ఏ చప్పుడూ లేదంటే ఆటోమేటిక్‌లో గేరు పార్కింగ్‌లో ఉందా, మాన్యువల్‌లో క్లచ్ అడుగుదాకా దిగిందా చూడండి. జరిగిన ఫ్లోర్ మ్యాట్ కూడా పెడల్‌కి అడ్డం పడుతుంది. బటన్ స్టార్ట్ బండ్లలో రిమోట్ సెల్ అయిపోయినా ఇదే కథ. చాలా మోడళ్లలో ఆ రిమోట్‌నే బటన్‌కి ఆనించి నొక్కితే పని జరిగిపోతుంది.

కరెంటు చాలట్లేదంటే వోల్టులు కొలిచే మల్టీమీటర్ తీయాల్సిందే. రాత్రంతా ఆగి ఉన్న బండిలో 12.6 వోల్టులుంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12 దగ్గరుంటే దాదాపు ఖాళీ. ఫుల్ ఛార్జ్ ఉండి కూడా సెల్ఫ్ కొట్టగానే 9.6 కిందికి పడిపోతే ఇక దాని పని అయిపోయింది. చలికాలంలో చచ్చినా, దాన్ని లోపల్లోపల తినేసింది మన ఏప్రిల్, మే ఎండలే.

చాలామంది వదిలేసేది టెర్మినల్, అంటే బ్యాటరీకి వైరు బిగించే చోటు. చూపుకి శుభ్రంగా ఉన్నా నమ్మొద్దు. మీటర్ ఒక ముల్లుని సీసపు పోస్టు నడినెత్తిన, రెండోదాన్ని దాని చుట్టూ ఉన్న క్లాంపుకి ఆనించి ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.2 వోల్టులు దాటి చూపిస్తే ఆ రెంటి మధ్య చిలుము కూర్చుంది. చాలా బండ్లకి 10 నంబర్ స్పానర్ సరిపోతుంది. ముందు నెగెటివ్, తర్వాత పాజిటివ్ విప్పండి. తెల్లటి, పచ్చటి పొడిని వంట సోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరాక గరుకు కాగితంతో లోపలి వైపు మెరిసేదాకా రుద్దండి. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు. స్టార్ట్ అయ్యాక బ్యాటరీ దగ్గర మామూలుగా 13.8 నుంచి 14.5 వోల్టులు రావాలి. 12 దగ్గరే నిలిచిపోతే ఆల్టర్నేటర్ ఛార్జ్ చేయట్లేదు, కొత్త బ్యాటరీ వేసినా రెండ్రోజుల ముచ్చటే.

సెల్ఫ్ జోరుగా తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోతే బ్యాటరీ జోలికి పోకండి. పెట్రోలు బండి అయితే తాళం ఆన్ చేసి వెనక సీటు దగ్గర చెవి పెట్టండి. చాలావాటిలో పంపు రెండు సెకన్లు జుయ్యిమంటుంది. వినపడకపోతే ఫ్యూజు చూసి, అదే నంబరున్న హారన్ రిలే (కరెంటు కలిపే చిన్న స్విచ్చు డబ్బా) తెచ్చి పంపు రిలే స్థానంలో పెట్టి చూడండి. కొన్ని వారాలుగా సెల్లార్‌లో కదలకుండా ఉన్న బండైతే ఎలుకలు వైర్లు కొరికాయేమో టార్చితో వెతకండి. వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక తిరిగి లేచే బండిలో ముందు ఇంజిన్ తిరుగుతోందని కనిపెట్టే క్రాంక్ సెన్సర్‌ని అనుమానించండి.

హైదరాబాద్ మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద లాంటి చోట నీళ్లలో ఆగిపోతే మాత్రం సెల్ఫ్ ముట్టుకోవద్దు. సిలిండర్లో చేరిన నీరు అణగదు, పిస్టన్‌ని ఆడించే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరవండి. ఫిల్టర్ తడిసి ఉంటే బండిని టోయింగ్‌లోనే గ్యారేజీకి పంపండి; ప్లగ్గులు విప్పి నీళ్లు తోడాకే ఇంజిన్ తిప్పాలి.