గొత్తికోయ గూడేల్లో సర్వేకు ఆశాలను సిద్ధం చేసే ముందు

2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వా జుడుం అనే సాయుధ దళాలు మొదలయ్యాక, బస్తర్ ప్రాంతం నుంచి ఎన్నో గొత్తికోయ ఆదివాసీ కుటుంబాలు అడవి దాటి ఇటు తెలంగాణలోకి వచ్చేశాయి. భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల్లోని వాళ్ళ గూడేల్లో మలేరియా మీద అధ్యయనం చేయాలంటే ఆశాలకు, ఏఎన్‌ఎంలకు ముందు శిక్షణ ఇవ్వాలి. ఆ శిక్షణకు ముందు చూసుకోవాల్సినవి ఇవి:

• పరిశోధనలో పాల్గొనేవాళ్ళకు హాని జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికొచ్చిందా? భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నైతిక మార్గదర్శకాలను పాఠాల్లో చేర్చండి.

• అన్నిటికంటే ముఖ్యం గోప్యత. ఫారంలో పేరు రాయకూడదు, కోడ్ నంబరే ఉండాలి. ఏ కోడ్ ఎవరిదో చెప్పే జాబితాను వేరేచోట తాళం వేసి పెట్టాలి. ఫోన్‌లో లొకేషన్ ఆపించండి. తీసిన ఫొటోలో కూడా లొకేషన్ నమోదవుతుందని చాలామందికి తెలియదు. గూడెం ఆచూకీ బయటపడితే ఆ కుటుంబాలు మళ్ళీ మూటాముల్లె సర్దుకోవాల్సి రావచ్చు.

• “ఎందుకొచ్చారు, అక్కడ మీవాళ్ళెవరున్నారు” లాంటి ప్రశ్నలు తీసేయండి. జ్వరం గురించి అడగడానికి వెళ్ళినవాళ్ళకు అవి అనవసరం.

• ప్రశ్నలను కోయ భాషలో, ఆ గూడెం మనిషికే చదివి వినిపించి సరిచూసుకోండి. సమ్మతి పత్రం మీద వేలిముద్ర అంటే భయపడేవాళ్ళుంటారు. సాక్షి ముందు నోటిమాటగా సమ్మతి తీసుకోవడం గురించి కమిటీతో ముందే మాట్లాడండి.

• ర్యాపిడ్ టెస్టు కిట్లు, మందులు సంచిలో ఉండాలి. జ్వరంతో వణికే బిడ్డ ముందు ఫారం నింపి వచ్చేయడం తప్పు.

• టీకాలు వేసే బుధ, శనివారాల్లో శిక్షణ పెట్టొద్దు.

• శిక్షణ రోజులకు ఆశాలకు డబ్బు ఇవ్వండి. నివేదికలో వాళ్ళ పేర్లు వేయాలా వద్దా అన్నది వాళ్ళనే అడగండి.