బచ్చాలు ఎందుకు చెడతాయి? ముందు పప్పు గిన్నెను అడగండి

పెళ్లయ్యాక మా అత్తగారింట్లో నా మొదటి ఉగాది. దేవరకొండ దగ్గర పల్లె, ఇంట్లో పాతికమంది. బచ్చాలు, అంటే బొబ్బట్లు, చేసే పని కొత్తకోడలికి అప్పజెప్పారు. మొదటిది పెనం మీద పగిలింది, రెండోది పగిలింది, మూడోదాని పూర్ణం బయటికొచ్చి మాడి వంటిల్లంతా పొగ. నేను మంట తగ్గించి, పెంచి, పెనం మార్చి నానా తంటాలు పడుతుంటే అత్తమ్మ వచ్చింది. పెనం వైపు చూడనే లేదు. పప్పు ఉడికించిన గిన్నె మూత తీసి, అడుగున మిగిలిన పప్పును వేళ్ల మధ్య నలిపి, "పెనాన్నేమంటవ్ బిడ్డా, పప్పునడుగు" అంది.

అప్పటినుంచి ప్రతి ఉగాదికీ అదే పద్ధతి. తప్పు పెనం మీద కనబడుతుంది, పుట్టేది మాత్రం రెండు గంటల ముందు పప్పు గిన్నెలోనో పిండి తాంబాళంలోనో. అందుకే కింద ప్రతి సమస్యకూ వెనక్కి నడిచి కారణం వెతికాను.

మా నల్లగొండలో బచ్చాలు, పాలమూరు వైపు పోలెలు, నారాయణపేట దాటి కర్ణాటకలో అడుగుపెడితే హోళిగె. పేరేదైనా జబ్బులు ఇవే.

ముందు మా ఇంటి కొలత: శనగపప్పు 1 కిలో, బెల్లం 1 కిలో, మైదా 850 గ్రాములు, నూనె 100 మిల్లీలీటర్ల దాకా, చిటికెడు ఉప్పు, చిటికెడు పసుపు, 15 యాలకులు, చిన్న సొంఠి ముక్క. కాల్చడానికి నెయ్యి ఎంతైనా ఖర్చవుతుంది, పావుకిలో దగ్గర పెట్టుకోండి. మామూలు సైజులో 45 నుంచి 50 వస్తాయి.

పూర్ణం జారుగా ఉంది, ముద్ద నిలవడం లేదు

అన్నిటికంటే ఎక్కువ చూసేది ఇదే. మూడు కారణాలుంటాయి. ఏది మీదో తేల్చుకోకుండా శనగపిండి కలిపేయకండి.

మొదటిది, పప్పు పేస్టులా ఉడికిపోవడం. కుక్కర్లో ఐదారు విజిల్స్ పెట్టేస్తే పప్పు నీళ్లను తాగి ఉబ్బిపోతుంది. ఆ నీళ్లు వడగట్టినా పోవు. గంట నానబెట్టిన పప్పుకు రెండు, మహా అయితే మూడు విజిల్స్ చాలు. మాకైతే మూత లేని గిన్నెలో ఉడికించడమే ఇష్టం, అరగంటో నలభై నిమిషాలో పట్టినా చూస్తూ ఉండొచ్చు. గింజ ఆకారం చెడకూడదు, వేళ్ల మధ్య నొక్కితే మాత్రం పలుకు లేకుండా పిండైపోవాలి.

రెండోది, సరిగ్గా వడగట్టకపోవడం. జల్లెడలో పోసి వెంటనే తీసేస్తే సరిపోదు, పావుగంట వదిలేయాలి. కింద దిగిన కట్టు పారబోయకండి, దాని సంగతి చివర్లో చెప్తాను.

మూడోది బెల్లం. పప్పు పొడిపొడిగా ఉన్నా బెల్లం వేయగానే మొత్తం నీరుకారుతుంది. బెల్లం కరుగుతుంది, పప్పులోని తడి కూడా దానితో బయటికొస్తుంది. ఇది తప్పు కాదు, అలాగే అవుతుంది. భయపడి పొయ్యి కట్టేయడమే తప్పు. అడుగు మందం ఉన్న వెడల్పు గిన్నెలో, అడుగంటకుండా తిప్పుతూ దగ్గరపడేదాకా ఉడికించాలి. గరిటె నిలబెడితే పడిపోకుండా ఉండాలి. చల్లారితే ఇంకాస్త బిగుస్తుంది కాబట్టి, వేడిమీద ముద్ద కొంచెం మెత్తగా ఉన్నప్పుడే దించండి.

ఇవన్నీ అయిపోయాక, చుట్టాలు గుమ్మంలో ఉన్నారు, పూర్ణం మాత్రం జారుతోంది. అప్పుడు? మళ్లీ వెడల్పు మూకుట్లో పోసి పది నిమిషాలు తిప్పండి. ఇంకా నిలవకపోతే పుట్నాల పొడి రెండు మూడు చెంచాలు. ఎండుకొబ్బరి పొడి అయినా సరే. పచ్చి శనగపిండి వేస్తే పచ్చివాసన వస్తుంది, వేయించి వేయాలి. ఫ్రిజ్‌లో గంట పెడితే సగం సమస్య దానంతటదే తీరుతుంది. అప్పటికీ లొంగకపోతే పట్టుదలకు పోకండి. కాస్త నీళ్లు కలిపి మరిగించి, దించి, చల్లారాక కాచి చల్లార్చిన పాలు పోస్తే పాయసం. మరుగుతున్న బెల్లంలో పాలు పోస్తే విరిగిపోతాయి, అదొక్కటే జాగ్రత్త. ఆ మొదటి ఉగాదికి మా ఇంట్లో పాయసమే తిన్నారు.

పూర్ణంలో పలుకులు తగులుతున్నాయి

"బెల్లంలో ఉడుకుతుందిలే" అనుకుని పప్పును అరకొరగా దించితే ఇలా అవుతుంది. బెల్లం పడ్డాక పప్పు ఇక మెత్తబడదు. తీపి, తడిని తనవైపు లాగేసుకుంటుంది. మెత్తబడాల్సిందంతా బెల్లానికి ముందే జరగాలి.

గంటసేపు ఉడికించినా పప్పు బిర్రుగానే ఉంటే నీళ్లను అనుమానించండి. ఉప్పగా ఉండే బోరు నీళ్లలో సున్నం శాతం ఎక్కువ, అది పప్పును మెత్తబడనివ్వదు. మా ఊళ్లో బోరు నీళ్లకు, నల్లా నీళ్లకు ఉడికే టైములో తేడా వేలు పెట్టి చూపించినట్టు తెలుస్తుంది. పండుగనాడు పప్పుకు మాత్రం నల్లా నీళ్లో ఫిల్టర్ నీళ్లో వాడండి. పాత పప్పు అయినా అంతే, ఏడాది నిల్వ ఉన్నదాన్ని రెండు మూడు గంటలు నానబెట్టాలి. వంటసోడా వేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. వేస్తే మెత్తబడుతుంది, కానీ జిగటగా మారి సబ్బువాసన వస్తుంది. నేను వేయను.

బెల్లం కలిపేశాక పలుకులు బయటపడితే గ్రైండర్లో తిప్పి జల్లెడ పట్టడం తప్ప దారి లేదు. చేతులు నొస్తాయి, పిల్లలకు అప్పజెప్పండి.

పలుకు కాదు, ఇసుక తగులుతోందా? అది బెల్లంలోది. బెల్లాన్ని నాలుగైదు చెంచాల కట్టుతో కరిగించి వడగట్టండి. ఆ నీరు చిక్కబడేదాకా మరిగించాకే పప్పు ముద్ద కలపాలి, లేకపోతే ఇసుక పోయి జారుడు వస్తుంది.

పెనం మీద పగిలి పూర్ణం బయటికొస్తోంది

ఎక్కడ పగిలిందో చూడండి. అదే కారణం చెబుతుంది.

అంచుల దగ్గర చీలితే పూర్ణం పిండికంటే గట్టిగా ఉన్నట్టు. తట్టేటప్పుడు లోపలి ముద్ద కదలదు, పైపొర మాత్రం సాగి తెగుతుంది. నొక్కితే పూర్ణం, పిండి రెండూ ఒకేలా లొంగాలి. మా ఇంట్లో అసలు కొలత అదే, గ్రాములు ఆ తర్వాతే. పూర్ణం బిగిస్తే చెంచాడు వేడి నెయ్యో, వేడి పాలో వేసి మర్దనా చేయండి.

నడిమధ్య చీలితే ఉండ చుట్టేటప్పుడు అడుగుభాగాన్ని ఎక్కువ లాగారని. పిండి ఉండను చేతిలో పరిచేటప్పుడు అంచులు పల్చగా, నడుమ మందంగా ఉంచాలి. అంచులన్నీ పైకి చేరి మూతపడ్డాక రెండు వైపులా సమానం అవుతుంది.

మూసిన చోటే విడిపోతే అక్కడ పొడిపిండో నూనెచుక్కో పడింది. నూనె అంటిన పిండికి పిండి అతకదు. వేలితో తుడిచి, గట్టిగా చిదిమి, ఆ మూసిన వైపును కిందికి పెట్టి తట్టండి.

ఎక్కడ పడితే అక్కడ చిల్లులు పడితే పిండి నానలేదు. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే చాలామంది పిండిని చపాతీకి కలిపినట్టు కలిపి అరగంటకే మొదలుపెడతారు. బచ్చాల పిండి చపాతీ పిండికంటే బాగా జారుగా ఉండాలి, చేతికి అంటుకుని విసుగు పుట్టించాలి. పది నిమిషాలు పిసికి, పైన నూనె పోసి, మూతపెట్టి కనీసం రెండు గంటలు వదిలేయాలి. పిసికితే మైదాలో సాగే గుణం వస్తుంది, నానితే ఆ బిగువు సడలుతుంది. ఒక్క పిసుకుడే అయితే రబ్బరులా వెనక్కి లాగుతుంది, ఒక్క నానబెట్టుడే అయితే తెగుతుంది. మా నాయనమ్మ రోట్లో వేసి నూనె చుక్క చుక్క పోస్తూ పచ్చడిబండతో దంచేది. మిక్సర్లో అంత సాగుడు నాకు ఎప్పుడూ రాలేదు.

గిర్నిలో పట్టించిన గోధుమపిండితో చేస్తే పొట్టు పైపొరను కోస్తుంది. సన్నటి జల్లెడ పట్టండి, సగం మైదా కలపండి.

ఇంకొకటి: వేడివేడి పూర్ణం లోపల పెడితే పిండి మెత్తబడి చిరుగుతుంది. పూర్తిగా చల్లారనివ్వండి.

పెనం మీద ఉండగా చిన్న చిల్లు పడితే చిటికెడు పిండిని రూపాయి బిళ్లంత పరిచి అతికించి, ఆ వైపును చివర్లో తిప్పండి. ఎవరికీ తెలియదు.

తట్టిన కాగితం నుంచి ఊడిరావడం లేదు

నూనె చాలలేదు. మేము ఇప్పటికీ పాలకవర్ కోసి, కడిగి, నూనె రాసి తట్టేస్తాం. అరిటాకు దొరికితే ఇంకా మేలు. కవరును వేడి పెనానికి తగలనివ్వకుండా, బచ్చాన్ని ముందు అరచేతిలోకి తీసుకుని అప్పుడు పెనం మీద వేయండి.

మచ్చలు మచ్చలుగా మాడుతోంది, లోపల పచ్చి

మంట ఎక్కువ. లేదా ఇంతకుముందు కారిన పూర్ణం పెనం మీదే మాడి ఉంది. ప్రతి రెండు మూడింటికీ తడిగుడ్డతో తుడవండి. మధ్యస్థం మంట, ఇనుప పెనం. నెయ్యి మొదటివైపు తిప్పాకే వేయాలి.

చల్లారాక అప్పడంలా అయ్యాయి

మెత్తగా రావాలని సన్నమంట మీద పెట్టి చాలాసేపు కాల్చేవాళ్లకు ఇలా జరుగుతుంది. తడి మొత్తం ఎగిరిపోతుంది. రెండువైపులా బంగారు చుక్కలు కనిపించగానే తీసేయాలి. పిండి గట్టిగా కలిపినా ఇదే ఫలితం.

తీసినవాటిని గాలికి ఆరబెట్టకండి, అలాగని వేడిమీదే స్టీలు డబ్బాలో బిగించకండి, ఆవిరి నీళ్లై కారి రెండోరోజుకు బూజు పడుతుంది. తువ్వాల పరిచిన గంపలో ఒకదానిమీద ఒకటి పేర్చి, పైన బట్ట కప్పి, గోరువెచ్చగా అయ్యాక డబ్బాకు ఎత్తండి. ఇప్పటికే గట్టిపడ్డవాటికి రెండు చుక్కల పాలు చిలకరించి, మూతపెట్టి వేడి పెనం మీద అర నిమిషం ఉంచితే మెత్తబడతాయి. గోరువెచ్చని పాలల్లో ముంచుకు తినే మావాళ్లకు ఆ బాధే లేదు.

ఉగాది నాటికే మా దగ్గర ఎండలు ముదురుతాయి. పప్పుతో చేసిన వంట, బయట రెండోరోజు దాటనివ్వకండి. హైదరాబాద్ వెళ్లే ఆడబిడ్డలకు కట్టిచ్చేవి వేరుగా తీసి, చేరగానే ఫ్రిజ్‌లో పెట్టమని చెప్పండి.

నాయనమ్మ కొలతే వేశా, తీపి రాలేదు

"సోలెడు పప్పుకు సోలెడు బెల్లం" అని ఆమె చెప్పింది నిజమే. కానీ ఆమె బెల్లాన్ని రాయితో కొట్టి సోలలో అదిమి నింపేది. మనం తురిమి వదులుగా పోస్తాం, అదే సోలలో పట్టే బరువు బాగా తగ్గిపోతుంది. పాత కొలతలను ఒక్కసారి కాటా మీద పెట్టి గ్రాముల్లోకి మార్చి రాసుకోండి. మా అత్తమ్మ చూస్తుండగా నేనే కొట్టి, అదిమి, తూచి, వంటింటి అల్మారా తలుపు లోపలివైపు రాసి పెట్టాను. బెల్లం రకాన్నిబట్టి తీపి మారుతుంది, అందుకే ముప్పావువంతు వేశాక రుచి చూసి మిగతాది కలుపుతాం.

పాతికమంది ఉన్నారు, టైము చాలడం లేదు

ఉగాది పచ్చడి, పంచాంగ శ్రవణం, చుట్టాల పలకరింపు, అన్నీ ఒకే పొద్దున. పూర్ణం ముందురోజు రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, నిజానికి చల్లబడినదే ఉండ బాగా కడుతుంది. పిండి ఆరింటికి కలిపి, స్నానాలూ పూజా అయ్యేదాకా నాననివ్వండి. ఉండలన్నీ ముందే కట్టి లెక్కపెట్టుకుంటే ఎవరికి ఎన్నో తేలుతుంది. ఒకరు తట్టి, ఒకరు కాలిస్తే గంటన్నరలో యాభై అవుతాయి. ఒక్కరే అయితే మూడు గంటలు వేసుకోండి. మా ఇంట్లో తట్టేది నేను, కాల్చేది మా మరిది. అతన్ని మాట్లాడించకూడదు, మాట్లాడితే మాడుస్తాడు.

ఇక వడగట్టిన కట్టు. రాత్రి పూర్ణం చేసినప్పుడు దిగినదైతే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి, ఎండలకు పొద్దుటికే పులిసిపోతుంది. పొద్దున చింతపండు రసం, ఉప్పు, పసుపు, కారం, చెంచాడు పూర్ణం వేసి మరిగించి, ఎల్లిపాయ, జీలకర్ర, ఎండుమిరపకాయ, కరివేపాకుతో పోపు పెట్టండి. అన్నంలో ఈ చారు, పక్కన నెయ్యి రాసిన బచ్చం. చారు పల్చగా ఉందని ఎవరైనా అంటే ఆ ఏడు పప్పు సరిగ్గా ఉడికినట్టు. గంజిలా చిక్కగా ఉంటే పప్పు గిన్నెలోనే చితికిపోయింది, పూర్ణం జారుతుందని ముందే అనుకుని పుట్నాల డబ్బా దగ్గర పెట్టుకోండి.