సీ భాషలో సిస్టమ్స్ ప్రోగ్రామింగ్ – 7వ పాఠం: నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌ల జాబితా, ఏ ఓఎస్‌లోనైనా

గత పాఠంలో సాకెట్ అడ్రస్ స్ట్రక్చర్లు చూశాం. ఐపీవీ4 అడ్రస్‌కు ఒకటి, ఐపీవీ6కు ఇంకోటి, ఏదైనా పట్టేంత పెద్దది సాక్‌యాడర్_స్టోరేజ్. ఈ పాఠం మొత్తం వాటి మీదే నడుస్తుంది కాబట్టి, మరిచిపోయి ఉంటే ఒకసారి వెనక్కి వెళ్లి చూసి రండి.

ఇవాళ్టి పని వినడానికి చిన్నదే. మన ప్రోగ్రామ్ నడుస్తున్న మెషీన్‌లో ఏయే నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌లు (వైఫై, ఎథర్నెట్, వీపీఎన్ లాంటి నెట్‌వర్క్ ద్వారాలు) ఉన్నాయి, వాటికి ఏయే అడ్రస్‌లు ఉన్నాయి అన్నది తెలుసుకోవాలి. ఒకే ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉన్న ప్రింటర్‌ను వెతికే ప్రోగ్రామ్ రాస్తున్నారనుకోండి. ఎండీఎన్‌ఎస్ (లోకల్ నెట్‌వర్క్‌లోని పరికరాలను పేరుతో వెతికే పద్ధతి) ప్రశ్నను 224.0.0.251కి, 5353 పోర్ట్‌కి పంపాలి. ఏ ఇంటర్‌ఫేస్ గుండా పంపాలో మీరు చెప్పకపోతే కెర్నల్ రూటింగ్ టేబుల్ చూసి తనే ఒకటి ఎంచుకుంటుంది. వీపీఎన్ ఆన్‌లో ఉంటే ఆ ప్రశ్న వీపీఎన్‌లోకి వెళ్లిపోవచ్చు. ప్రింటర్ పక్క గదిలోనే ఉంటుంది, ప్రోగ్రామ్‌కు మాత్రం దొరకదు.

చాలామంది ఇక్కడ ఒక అడ్డదారి పడతారు: హోస్ట్ పేరు తీసుకుని, దాన్ని రిజాల్వ్ చేసి, వచ్చిన అడ్రస్‌ను 'మన ఐపీ' అనుకోవడం. డెబియన్, ఉబుంటు మెషీన్లలో తరచుగా 127.0.1.1 వస్తుంది. ఈటీసీ డైరెక్టరీలోని హోస్ట్స్ ఫైల్‌లో హోస్ట్ పేరు ఎదురుగా ఇన్‌స్టాలర్ రాసి పెట్టేది అదే. దాంతో బయటివాళ్లెవరూ మనల్ని చేరలేరు. అసలు 'మెషీన్ ఐపీ' అని ఒక్కటి ఉండదు. అడ్రస్‌లు ఇంటర్‌ఫేస్‌లకు ఉంటాయి, ఒక్కో ఇంటర్‌ఫేస్‌కు ఎన్నైనా ఉండొచ్చు.

పాత దారి గురించి రెండు మాటలు చెప్పి వదిలేస్తాను. బీఎస్‌డీ కాలం నుంచి వస్తున్న ఎస్ఐఓసీజీఐఎఫ్‌కాన్ఫ్ (SIOCGIFCONF) అనే ఐఓక్టల్ (కెర్నల్‌ను నేరుగా అడిగే కాల్) ఇప్పటికీ పాత కోడ్‌లో కనిపిస్తుంది. లైనక్స్‌లో అది ఐపీవీ4 అడ్రస్‌లు ఉన్న ఇంటర్‌ఫేస్‌లనే ఇస్తుంది. మీరిచ్చిన బఫర్ చాలకపోతే మిగిలినవి వదిలేసి, అంతా సవ్యంగా జరిగినట్టే సున్నా తిరిగిస్తుంది. బీఎస్‌డీల్లో ఒక్కో ఎంట్రీ ఒక్కో సైజులో ఉంటుంది కాబట్టి లూప్ కూడా వేరేగా రాయాలి. కొత్త కోడ్‌లో దీని జోలికి పోకండి.

యూనిక్స్ కుటుంబంలో వాడాల్సింది గెట్‌ఇఫ్‌యాడర్స్ (getifaddrs) అనే ఫంక్షన్. లైనక్స్, మ్యాక్ఓఎస్, ఫ్రీబీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ, నెట్‌బీఎస్‌డీ అన్నిటిలో ఉంది. లైనక్స్ సీ లైబ్రరీ గ్లిబ్‌సీలో 2.3 వెర్షన్ నుంచి ఉంది, ఐపీవీ6 మాత్రం 2.3.3లో చేరింది. ఆండ్రాయిడ్‌కు సీ కోడ్ రాసే కిట్ అయిన ఎన్‌డీకేలో ఏపీఐ 24 నుంచి, అంటే ఆండ్రాయిడ్ 7.0 నుంచి దొరుకుతుంది. వాడటం తేలిక: ఒక పాయింటర్ అడ్రస్ ఇస్తే లింక్డ్ లిస్ట్ మొదలు అందులో పెడుతుంది. నెక్స్ట్ పాయింటర్ నల్ అయ్యేదాకా నడవండి. పనయ్యాక ఫ్రీఇఫ్‌యాడర్స్‌కు మొదటి పాయింటర్‌నే ఇవ్వండి, లూప్‌లో ముందుకు జరిపిన పాయింటర్‌ను కాదు.

ఇక్కడే అసలు విషయం ఉంది. ఆ లిస్ట్ ఇంటింటి జాబితా కాదు, ఓటర్ల జాబితా లాంటిది. ఒకే డోర్ నంబరు కింద నలుగురు ఓటర్లుంటే నాలుగు వరుసలు వస్తాయి కదా, ఇక్కడా అంతే. వైఫైలో ఉన్న లైనక్స్ ల్యాప్‌టాప్‌లో డబ్ల్యూఎల్‌పీ2ఎస్0 అనే పేరు కనీసం మూడు చోట్ల కనిపించవచ్చు: ఒకసారి హార్డ్‌వేర్ అడ్రస్‌తో ఏఎఫ్_ప్యాకెట్‌గా, ఒకసారి ఏఎఫ్_ఇనెట్ (ఐపీవీ4)గా, ఒకసారి ఎఫ్‌ఈ80తో మొదలయ్యే (ఆ లింక్ వరకే పనికొచ్చే) ఏఎఫ్_ఇనెట్6 (ఐపీవీ6)గా. ఈ ఏఎఫ్ పేర్లు అడ్రస్ రకాన్ని, అంటే ఫ్యామిలీని చెబుతాయి. పైగా ఒకే ఇంటర్‌ఫేస్ వరుసలన్నీ పక్కపక్కనే ఉంటాయన్న హామీ లేదు. ఎన్ని వరుసలుంటే అన్ని ఇంటర్‌ఫేస్‌లు అనుకుని లెక్కపెడితే తప్పు సంఖ్య వస్తుంది. కాబట్టి లూప్‌లో ప్రతి వరుసకూ ముందు పేరు చూడాలి. ఆ పేరు మన దగ్గర ఇప్పటికే ఉంటే ఆ ఇంటర్‌ఫేస్ కింద అడ్రస్ చేర్చాలి, లేకపోతే కొత్త ఇంటర్‌ఫేస్ తెరవాలి.

లైనక్స్‌లో చిన్న మెలిక: ఐపీవీ4 అడ్రస్‌కు ఎవరైనా లేబుల్ పెట్టి ఉంటే పేరు ఫీల్డ్‌లో ఆ లేబుల్ వస్తుంది, ఈటీహెచ్0 తర్వాత కోలన్, ఆపైన 1 అన్నట్టు. దాన్ని కొత్త ఇంటర్‌ఫేస్‌గా లెక్కేయకుండా, కోలన్ దగ్గర కత్తిరించి పోల్చండి.

ఇక క్రాష్ సంగతి. నెలల తరబడి బాగా నడిచిన ప్రోగ్రామ్, వీపీఎన్ కనెక్ట్ చేసిన క్షణంలో సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో పడిపోతుంది. డీబగ్గర్‌లో చూస్తే ఆగిన చోటు ఒక్క లైనే: అడ్రస్ పాయింటర్ లోపలికి వెళ్లి ఫ్యామిలీ చదివే లైను. కారణం ఇది. వీపీఎన్ సృష్టించే ట్యూన్0 లాంటి టన్నెల్ ఇంటర్‌ఫేస్‌కు ఎథర్నెట్ మాదిరి హార్డ్‌వేర్ అడ్రస్ ఉండదు. అందువల్ల దాని లింక్ వరుసలో గ్లిబ్‌సీ అడ్రస్ పాయింటర్‌ను నల్‌గానే వదిలేస్తుంది. అడ్రస్ నల్ కావచ్చని మాన్ పేజీలోనే రాసి ఉంది, కానీ మామూలు ల్యాప్‌టాప్‌లో టెస్ట్ చేస్తే ఎప్పుడూ ఎదురుపడదు. అందుకని లూప్‌లో ఫ్యామిలీ చూసే ముందు నల్ చెక్ తప్పనిసరి. నల్ అయితే ఆ వరుసను పారేయకండి. పేరు, ఫ్లాగులు అందులో ఉంటాయి, ఇంటర్‌ఫేస్ నమోదు చేసుకుని అడ్రస్ మాత్రం వదిలేయండి.

నెట్‌మాస్క్ (అడ్రస్‌లో నెట్‌వర్క్ భాగం ఎంతో చెప్పేది) పాయింటర్‌కూ ఇదే చెక్ పెట్టండి. ఇంకో జాగ్రత్త: నెట్‌మాస్క్ లోపలి ఫ్యామిలీ ఫీల్డ్‌ను నమ్మవద్దు. అడ్రస్ ఏ ఫ్యామిలీయో మాస్క్ కూడా అదే అనుకుని చదవండి.

అడ్రస్‌ను కాపీ చేసుకునేటప్పుడు సాక్‌యాడర్ సైజు వేస్తే ఐపీవీ6 అడ్రస్ సగంలో తెగిపోతుంది. లైనక్స్‌లో ఐపీవీ4 స్ట్రక్చర్ 16 బైట్లు, ఐపీవీ6ది 28. ఫ్యామిలీని బట్టి సైజు ఎంచుకోండి. స్క్రీన్ మీద చూపించడానికి గెట్‌నేమ్‌ఇన్ఫోను న్యూమరిక్ హోస్ట్ ఫ్లాగ్‌తో పిలవండి. ఎఫ్‌ఈ80 అడ్రస్‌ల వెనక శాతం గుర్తుతో ఇంటర్‌ఫేస్ పేరును కూడా అదే జోడిస్తుంది. ఆ తోక లేకపోతే ఆ అడ్రస్ దేనికీ పనికిరాదు, ఎందుకంటే ప్రతి ఇంటర్‌ఫేస్ మీదా ఒక ఎఫ్‌ఈ80 నెట్‌వర్క్ ఉండొచ్చు.

మ్యాక్ అడ్రస్ (అంటే హార్డ్‌వేర్ అడ్రస్) దగ్గర మాత్రం యూనిక్స్‌లు రెండుగా చీలిపోతాయి. లైనక్స్‌లో ఏఎఫ్_ప్యాకెట్ వరుసలో నేరుగా బైట్లు, వాటి పొడవు ఉంటాయి. బీఎస్‌డీ, మ్యాక్ఓఎస్‌లలో ఏఎఫ్_లింక్ వరుస వస్తుంది. అందులో ఇంటర్‌ఫేస్ పేరు, దాని వెనకే హార్డ్‌వేర్ అడ్రస్ ఒకే అరేలో కలిపి ఉంటాయి కాబట్టి, ఆఫ్‌సెట్ మీరే లెక్కపెట్టకుండా ఎల్ఎల్‌యాడర్ మాక్రో వాడండి. మీ కోడ్‌లో ఇఫ్‌డెఫ్ (ఓఎస్‌ను బట్టి కోడ్ మార్చే షరతు) అవసరమయ్యే చోట్లలో ఇదొకటి.

ఫ్లాగుల్లో అప్, రన్నింగ్ రెండూ ఒకటే అనుకోవద్దు. అడ్మిన్ ఇంటర్‌ఫేస్‌ను ఆన్ చేశాడన్నదే అప్. ఎథర్నెట్ కేబుల్ పీకేసినా అప్ అలాగే ఉంటుంది, రన్నింగ్ పోతుంది. ప్రింటర్ వెతికే పనికి మనకు రెండూ కావాలి, లూప్‌బ్యాక్ (మెషీన్ తనతో తానే మాట్లాడుకునేది) ఉండకూడదు, మల్టీకాస్ట్ (ఒకేసారి చాలామందికి పంపగలగడం) ఉండాలి. పేరు ఈటీహెచ్‌తోనో ఈఎన్‌తోనో మొదలైందా అని చూసి నిర్ణయించే కోడ్ చాలా చోట్ల చూస్తాం. దయచేసి అలా రాయవద్దు. ఫ్రీబీఎస్‌డీలో పేరు డ్రైవర్‌ను బట్టి వస్తుంది, లైనక్స్‌లో సిస్టమ్‌డీ పేర్లు వేరు, పైగా అడ్మిన్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

విండోస్‌లో గెట్‌ఇఫ్‌యాడర్స్ లేదు. అక్కడ గెట్‌అడాప్టర్స్‌అడ్రసెస్ (GetAdaptersAddresses) ఫంక్షన్ ఉంది, దానికోసం ఐపీహెచ్ఎల్‌పీఏపీఐ లైబ్రరీతో లింక్ చేయాలి. మెమరీ మీరే ఇవ్వాలి. మొదటి సారికే 15 కేబీ ఇవ్వమని మైక్రోసాఫ్ట్ సలహా. చాలకపోతే బఫర్ ఓవర్‌ఫ్లో ఎర్రర్‌తో పాటు కావలసిన సైజు చెబుతుంది, అంత కేటాయించి మళ్లీ పిలవాలి. రెండు పిలుపుల మధ్య ఎవరైనా యూఎస్‌బీ అడాప్టర్ గుచ్చితే మళ్లీ చాలదు, కాబట్టి దీన్ని లూప్‌లో పెట్టండి. ఫ్యామిలీగా ఏఎఫ్_అన్‌స్పెక్ ఇస్తే రెండు రకాల అడ్రస్‌లూ వస్తాయి.

దీని ఆకారం గెట్‌ఇఫ్‌యాడర్స్‌కు తలకిందులు. ఇక్కడ నిజంగానే అడాప్టర్ల జాబితా, ఒక్కో అడాప్టర్ లోపల దాని యూనికాస్ట్ అడ్రస్‌ల జాబితా ఉంటాయి. మాస్క్ బదులు ప్రిఫిక్స్ పొడవు (మాస్క్‌లోని ఒకట్ల సంఖ్య) అంకెగా వస్తుంది, విస్టా నుంచి. అడాప్టర్ పేరు జీయూఐడీ (పొడవాటి గుర్తింపు కోడ్), మనిషి చదవగలిగేది ఫ్రెండ్లీ నేమ్, అదీ వైడ్ క్యారెక్టర్లలో.

అందుకే పోర్టబుల్ కోడ్‌లో ముందు రాయాల్సింది మీ సొంత స్ట్రక్చర్: పేరు యూటీఎఫ్-8లో, ఇండెక్స్, అప్-రన్నింగ్-లూప్‌బ్యాక్-మల్టీకాస్ట్ గుర్తులు, మ్యాక్ దాని పొడవుతో సహా, అడ్రస్‌ల జాబితా, ఒక్కో అడ్రస్‌కు ప్రిఫిక్స్ పొడవు. యూనిక్స్ ఫైల్ వరుసలను పోగుచేసి దీన్ని నింపుతుంది, మాస్క్‌లోని ఒకట్లు లెక్కపెట్టి ప్రిఫిక్స్‌గా మారుస్తుంది. విండోస్ ఫైల్ యూటీఎఫ్-16 నుంచి పేరు మార్చి నింపుతుంది. మిగతా ప్రోగ్రామ్‌కు ఓఎస్ పేరే తెలియనక్కర్లేదు. రెడీమేడ్‌గా లిబ్‌యూవీ ఉంది కదా అనొచ్చు. అది మంచి లైబ్రరీయే, కానీ అడ్రస్ లేని ఇంటర్‌ఫేస్‌లను అది చూపించదు. మీకు కేబుల్ పీకిన ఎథర్నెట్ కూడా జాబితాలో కావాలంటే సొంతంగా రాసుకోవాల్సిందే.

అభ్యాసం: ఈ స్ట్రక్చర్‌తో యూనిక్స్ ఫైల్ రాసి, ఇంటర్‌ఫేస్‌కు ఒక్క లైను చొప్పున ప్రింట్ చేయండి. లైనక్స్‌లో 'ఐపీ లింక్' కమాండ్ చూపించే సంఖ్య, మీ లైన్ల సంఖ్య సరిపోవాలి. తర్వాత రూట్‌గా 'ఐపీ ట్యూన్‌ట్యాప్' కమాండ్‌తో ట్యూన్ మోడ్‌లో ఒక ఇంటర్‌ఫేస్ సృష్టించి, దానికి అడ్రస్ ఇవ్వకుండా మళ్లీ నడపండి. క్రాష్ కాకుండా ఒక లైను పెరగాలి. ఈ జాబితా తీసిన క్షణానికే నిజం, వైఫై మారితే పాతబడిపోతుంది. మార్పు జరిగినప్పుడు కెర్నల్ చేతే చెప్పించుకోవడం, అంటే లైనక్స్‌లో నెట్‌లింక్, బీఎస్‌డీల్లో రూట్ సాకెట్, వచ్చే పాఠంలో.