పక్కింటితో పేచీ రాకుండా పెరట్లో కోళ్లు, తేనెటీగలు

ఐదు సెంట్ల స్థలంలో ఇల్లు పోను వెనక కాస్త దొడ్డి, నాలుగు కొబ్బరి చెట్లు, ఓ మునగ చెట్టు ఉంటే చాలు. నాలుగైదు పెట్టలు, ఒక తేనె పెట్టె హాయిగా పడతాయి. అమలాపురం వైపైనా, భీమవరం, తణుకు వైపైనా వీటిని పెంచడం పెద్ద విద్యేం కాదు. చిక్కంతా ప్రహరీ అవతల ఉంటుంది. అక్కణ్నుంచి వచ్చే మాటలు ఎప్పుడూ ఇవే: కంపు, ఈగలు, తెల్లవారుజామున కూత, పిల్లాణ్ని తేనెటీగ కుట్టడం. మొదటి రెండూ తడి వల్ల వస్తాయి. మూడోది పుంజు వల్ల, నాలుగోది పెట్టె తప్పు చోట పెట్టడం వల్ల. గొడవయ్యాక కోళ్ల గూడు ఎలాగోలా జరపొచ్చు గాని తేనె పెట్టె జరపడం అంత తేలిక కాదు. రోజుకి రెండడుగులకి మించి కదిపితే మేతకి వెళ్లిన తేనెటీగలు పాత చోటికే వచ్చి అక్కడక్కడే తిరుగుతాయి. అందుకని ఏదీ కొనకముందే టేపు పట్టుకుని దొడ్డంతా ఒకసారి కొలుచుకోండి.

కోళ్ల గూడు

గుడ్లకి పుంజు అక్కర్లేదు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది, పొదిగేయడానికి మాత్రం ఆ గుడ్డు పనికిరాదు. పైగా మన జిల్లాల్లో దొడ్లో పుంజు ఉందంటే ఊరు వేరే లెక్కలు వేస్తుంది, సంక్రాంతి దగ్గరపడేకొద్దీ దొంగల కళ్లూ దాని మీదే ఉంటాయి. పెట్టల్లో నాటువి పిల్లల్ని బాగా సాకుతాయి గాని ఏడాదికి 60 నుంచి 80 గుడ్లే పెడతాయి, ఆరడుగుల గోడని లెక్కచేయవు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన గ్రామప్రియ రకం పెట్ట పెరట్లో 160 దాకా పెడుతుంది. అక్కడిదే వనరాజా. గుడ్లు తక్కువైనా ఒళ్లు బరువు కాబట్టి గోడ దూకదు. గోడకి గోడ ఆనుకున్న ఇళ్లలో మా ఓటు ఈ రెండింటికే. నాటు పెట్టలే కావాలంటే ఒక్క రెక్కకి మాత్రం చివరనున్న పది పెద్ద ఈకల్ని సగానికి కత్తిరించండి. రెండు రెక్కలూ కత్తిరిస్తే తూకం తప్పదు, మళ్లీ ఎగురుతుంది. ఈకలు రాల్చి కొత్తవి వచ్చాక ఈ పని మళ్లీ చేయాలి. పక్కింటివాళ్లకి కడియం నుంచి తెచ్చిన పూలకుండీలు ఉంటే ఇది అస్సలు మర్చిపోకండి. కొత్త మట్టి కనిపిస్తే కోడి గీరకుండా ఉండదు.

నాలుగు పెట్టలకి రాత్రి పడుకోడానికి 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు గూడు సరిపోతుంది. ఎండు నేలల కోసం గీసిన నమూనాల్లో గూడు నేల మీదే ఉంటుంది. డెల్టాలో అది పనికిరాదు, వానాకాలంలో దొడ్డి నెలల తరబడి చిత్తడిగా ఉంటుంది. నేలకి రెండడుగుల ఎత్తున కట్టండి. సరుగుడు బాదుల్ని నల్లమట్టిలో నేరుగా పాతితే మొదళ్లు చీకిపోతాయి, ఇటుకల దిమ్మె మీద నిలబెట్టాలి. తాటాకు కప్పు చల్లగానే ఉంటుంది గాని ఎలుకలకి, పేలకి అదే కాపురం. రేకు వేసి పైన కొబ్బరి మట్టలు పరిస్తే ఎండాకాలం గడుస్తుంది. చూరు ఒకటిన్నర అడుగు బయటికి ఉండాలి, లేకపోతే జల్లు లోపలికి కొడుతుంది. వలకి అరంగుళం కన్నాల వెల్డ్‌మెష్ వాడండి. షాపుల్లో కోళ్ల వల అని అమ్మే ఆరు పలకల వల కోళ్లని లోపల ఉంచుతుంది గాని ఎలుకనీ, పామునీ బయట ఉంచదు.

గాలి సంగతి కూడా చూసుకోండి. వేసవి సాయంత్రాలు గాలి సముద్రం వైపు నుంచి వస్తుంది, వానల్లో నైరుతి నుంచి, కార్తీకం దాటాక ఈశాన్యం నుంచి. అంటే ఏడాది పొడవునా ఎవరికీ తగలని మూల అంటూ ఉండదు. పక్కింటి వంటగది కిటికీకి, పడగ్గదికి కనీసం పదడుగుల దూరం చూసుకుని మిగతాది పొడితనం మీద వదిలేయాలి.

ఆ పొడితనం ఎలా వస్తుందంటే, గూట్లో మూడు నాలుగు అంగుళాల మందాన పరుపు వేయడం వల్ల. అందరూ మిల్లు నుంచి ఊక తెచ్చి పోస్తారు. ఊక గుల్లగా ఉంటుంది గాని తడి పీల్చదు. కొబ్బరి పీచు మిల్లుల్లో దొరికే పొట్టు తన బరువుకి ఎన్నో రెట్లు నీళ్లు పీలుస్తుంది, కాని ఒక్కటే వేస్తే అట్టకడుతుంది. సగం సగం కలిపితే రెండింటి లోపమూ తీరుతుంది. పిడికెడు తీసి గట్టిగా నొక్కి వదలండి. ముద్దగా నిలిచిందంటే తడెక్కువ, వెంటనే మార్చాలి. పొడిపొడిగా రాలిపోతే బాగుంది. నాలుగు పెట్టలు రోజుకి సుమారు అరకిలో రెట్ట వేస్తాయి. మన ఎండల్లో ఈగ గుడ్డు పది రోజుల్లోపే ఈగవుతుంది. కాబట్టి కోళ్లు రాత్రి ఎక్కి పడుకునే దండెం కింది రెట్టని మూడు రోజులకోసారి తీస్తే పురుగు దశలోనే పోతుంది. వారానికోసారి తీద్దాం అనుకుంటే ఒక ముసురుకి లెక్క తప్పుతుంది. తీసిన రెట్టని పీచు పొట్టుతో పొరలుగా వేసి మూత ఉన్న తొట్టెలో మగ్గనివ్వండి. రెండు మూడు నెలలు మగ్గకముందే మొక్కలకి వేస్తే వేళ్లు మాడతాయి.

నీళ్ల గిన్నె గూట్లో పెట్టకండి. తడి సగం దాని నుంచే వస్తుంది. తడి పరుపులోనే రక్తపారుడు కూడా పుడుతుంది.

మేత పెట్టకి రోజుకి 100 నుంచి 120 గ్రాములు. నూకలు, తవుడు, నూనె తీసిన కొబ్బరి చెక్క మన దగ్గర చవక, పక్కన ఒక చిప్పలో నలగ్గొట్టిన ఆల్చిప్పలు ఉంచాలి. వానల్లో తవుడు ముక్కిపోతుంది, బూజు పట్టిన మేత కోడిని చంపుతుంది కూడా, పదిహేను రోజులకి సరిపడా మాత్రమే కొనండి. సాయంత్రం మిగిలిన గింజలు ఎత్తేయాలి. గింజ కోసం పందికొక్కు వస్తుంది, దాని వెనక పాము వస్తుంది. పక్కింటివాళ్లకి పాము కనబడిన రోజున మీ కోళ్ల కథ కంచికే.

టీకాల విషయంలో పక్కింటివాళ్లు మీకు అవసరం. కొక్కెర తెగులుకి వారం లోపు పిల్లలకి లసోటా చుక్క కంట్లోనో ముక్కులోనో వేస్తారు, నాలుగో వారంలో మళ్లీ వేస్తారు, ఎనిమిదో వారం ప్రాంతంలో రెక్క కింద అర మిల్లీలీటరు ఆర్‌2బి ఇంజెక్షన్ ఇస్తారు. ఒక్క బుడ్డీలో వంద కోళ్లకి పైగా సరిపోయే మందు ఉంటుంది, కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి. నాలుగు కోళ్లకి బుడ్డీ తెరవడం దండగ. వీధిలో కోళ్లున్న ఇళ్లన్నీ ఒక రోజు అనుకుని పశువుల ఆసుపత్రి నుంచి ఐసులో తెప్పించి అందరి కోళ్లకీ ఒకేసారి వేయించండి. మీ కోళ్లకి వేయించి పక్కింటి కోళ్లని వదిలేస్తే తెగులు వీధిలోనే ఉంటుంది. దోమల వల్ల వచ్చే మసూచికి కూడా ఎనిమిది వారాలప్పుడు టీకా ఉంది, డెల్టాలో దాన్ని వదలకూడదు.

తేనె పెట్టె

జనం భయపడేది వాటర్ ట్యాంకుకి వేలాడే పెద్ద పట్టుని చూసి. అది కొండ తేనెటీగ, పెట్టెలో ఉండదు. పెట్టెలో పెంచేవి పుట్ట తేనెటీగలు, ఎనిమిది చట్రాల పెట్టె వాటికి సరిపోతుంది. పక్కవాళ్లకి ఈ తేడా పెట్టె రాకముందే చెప్పండి. ఐరోపా ఈగలు తేనె ఎక్కువిస్తాయి గాని వాటిని పూత వెంట ఊళ్లు తిప్పాలి, పెరటికి అవి బరువు. ప్రహరీకి పదడుగుల ఎడం కూడా దొరకని ఇంట్లో అయితే ముసరు తేనెటీగలే నయం. తేనె ఏడాదికి కొన్ని వందల గ్రాములే గాని అవి కుట్టవు.

పెట్టె ద్వారం తూర్పుకో ఆగ్నేయానికో ఉంటే పొద్దున్నే ఎండ తగిలి ఈగలు త్వరగా పనిలోకి దిగుతాయి. ద్వారం ఎదర నాలుగైదు అడుగుల్లో ఆరేడు అడుగుల ఎత్తు అడ్డు ఉండాలి. గోడైనా సరే, దొండపాదు పాకిన వెదురు దడైనా సరే. ఈగ బయటికి రాగానే అడ్డు చూసి పైకి లేస్తుంది, మనుషుల తలల మీదుగా వెళ్లిపోతుంది. అడ్డు లేకపోతే మొహం ఎత్తునే సందులోకి వెళ్తుంది, సైకిలు మీద వచ్చేవాడికి తగులుతుంది. ఆ దారిలో పక్కింటి బట్టల తీగ లేకుండా చూడండి. ఈగలు ఎగురుతూ వేసే రెట్ట తెల్ల చొక్కా మీద పసుపు చుక్కలుగా పడి ఎండిపోతుంది, ఉతికినా ఒక పట్టాన పోదు. చాలా గొడవలు కుట్టడంతో కాదు, ఈ చుక్కలతోనే మొదలవుతాయి.

మధ్యాహ్నం కొబ్బరి నీడ కావాలి గాని సరిగ్గా చెట్టు కింద మాత్రం వద్దు. ఎండు మట్టో కాయో మూత మీద పడితే ఈగలన్నీ రేగుతాయి. కాయ దింపు రోజున చెట్టెక్కే మనిషికి ముందే చెప్పి, దింపు అయ్యేదాకా ద్వారానికి జాలీ పెట్టాలి. పెట్టె స్టాండు మూడడుగుల ఎత్తుండాలి. నాలుగు కాళ్లూ నీళ్ల గిన్నెల్లో ఉంటే చీమలు ఎక్కవు, ఆ నీళ్లలో రెండు చుక్కలు నూనె వేస్తే దోమలు పెరగవు.

నీళ్ల తొట్టె పెట్టె కంటే ముందు రావాలి. వెడల్పు పళ్లెంలో నీళ్లు పోసి రెండు కొబ్బరి డొక్కలు వేస్తే వాటి మీద వాలి తాగుతాయి. ఇది ఆలస్యమై పక్కింటి కుళాయి గట్టు ఒకసారి అలవాటైందా, తర్వాత మీరెన్ని తొట్టెలు పెట్టినా అవి అక్కడికే వెళ్తాయి. బెల్లం బట్టీ గాని, చెరుకు రసం బండి గాని, ఆత్రేయపురంలోలా పూతరేకులు చుట్టే ఇల్లు గాని పక్కనే ఉంటే ఆ వీధిలో తేనె పెట్టె ఆలోచన మానుకోవడమే మంచిది.

పెట్టె తెరవడం ఎండ కాసే రోజున 9 నుంచి 11 మధ్య, పిల్లలు బడికి వెళ్లాక. మబ్బు పట్టినప్పుడు, ఉరిమేటప్పుడు, పక్కింట్లో శుభకార్యం ఉన్నప్పుడు తెరవద్దు. పొగ డబ్బాలో ఎండు కొబ్బరి పీచు బాగా పనిచేస్తుంది. పొగ చేతికి చల్లగా తగలాలి, నిప్పురవ్వ వస్తే ఈగలు కోపగిస్తాయి. పండిన అరటి గెల దగ్గర పెట్టకండి. ఈగ కుట్టినప్పుడు మిగతావాటిని పిలిచే వాసనా, అరటిపండు వాసనా ఒకే పదార్థానివి.

మామిడి పూత నుంచి ఎండలు ముదిరేదాకా ఏడు రోజులకోసారి పెట్టెలోని పట్టుల అడుగు అంచులు చూడాలి. వేరుశనక్కాయలా కిందికి వేలాడే గదులు కనిపిస్తే కొత్త రాణి వస్తోందని లెక్క. గది మూత పడే వేళకి పాత రాణి సగం ఈగలతో లేచిపోతుంది, నేరుగా పక్కింటి జామచెట్టుకే పడుతుంది. వాళ్లు కిరసనాయిలు తీసుకునేలోపు మీరు వెళ్లాలి. గుంపు కడుపునిండా తేనె తాగి ఉంటుంది, కుట్టే ధోరణిలో ఉండదు. సాయంత్రం చీకటి పడే వేళ కింద ఈగ పిల్లలున్న పట్టు ఒకటి పెట్టిన ఖాళీ పెట్టె పట్టుకుని కొమ్మని ఒక్క విదుపు విదిపితే దిగిపోతాయి. అంతదాకా రాకుండా గదులు కనబడగానే రాణి ఉన్న మూడు చట్రాల్ని వేరే పెట్టెలోకి మార్చేయడం ఉత్తమం.

జులై నుంచి సెప్టెంబరు దాకా ముసురు, పూత తక్కువ. అప్పుడు ఆకలికి పుట్ట తేనెటీగలు పెట్టె వదిలి పోతాయి. చక్కెర, నీళ్లు సమానంగా కలిపిన పాకం గ్లాసుడు, వారానికి రెండుసార్లు, సాయంత్రం, పెట్టె లోపలే ఇవ్వండి. బయట ఒలికితే వేరే పట్టుల ఈగలు దోపిడీకి దిగుతాయి, ఆ పోరులో దారిన పోయేవాళ్లూ కుట్టించుకుంటారు. తేనె తీసేదీ గదిలో తలుపులు వేసుకునే, అరుగు మీద కాదు. ముప్పాతిక వంతు గదులకి మూత పడ్డ పట్టే తీయాలి. మన గాలిలో తేమెక్కువ, పచ్చి తేనె పులిసిపోతుంది. మొదటి సీసా ఎవరింటికి వెళ్లాలో చెప్పక్కర్లేదు.

పురుగుమందులు వేరే బాధ. వరి కోశాక మినుము మీద, పూతప్పుడు మామిడి మీద పిచికారీ చేసే రైతుల్ని సాయంత్రం కొట్టమని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. పంచాయతీ దోమల పొగ వేసే రోజు చీకటి పడ్డాక ద్వారానికి జాలీ పెట్టి తడి గోనె కప్పి తెల్లారగానే తీయాలి. కోళ్ల పేలకి గూట్లో పిచికారీ మందూ తేనెటీగల్ని చంపుతుంది. దాని బదులు బూడిద, ఇసుక కలిపి ఒక తట్టలో పెడితే కోళ్లే పొర్లుతాయి.

రెండూ ఒకే దొడ్లో

పెట్టలు తేనె పెట్టె కింద రాలిన పురుగుల్ని, చచ్చిన ఈగల్ని ఏరుకు తింటాయి, మంచిదే. కాని కోళ్ల గూడు, జాలీ కట్టిన కోళ్ల దొడ్డి రెండూ తేనె పెట్టెకి పదిహేను అడుగులైనా దూరంలో ఉండాలి. తిరిగే కోడి ఈగలు రేగితే పారిపోతుంది, మూసిన గూట్లో కోడి పారిపోలేదు.

ఎవరినైనా కుడితే ముల్లుని గోరుతో పక్కకి గీరి తీయండి, ఎంత త్వరగా తీస్తే అంత తక్కువ విషం ఎక్కుతుంది. ఒంటి నిండా దద్దుర్లు, పెదవుల వాపు, ఊపిరాడకపోవడం కనబడితే ఇంటి వైద్యం వద్దు, 108కి ఫోన్ చేయండి.

2025 ఫిబ్రవరిలో తణుకు, పెరవలి మండలాల కోళ్లలో బర్డ్ ఫ్లూ తేలింది. కోతలయ్యాక చేలల్లోకి దిగే బాతుల మందలకి, నీటి పక్షులకి మీ కోళ్లని దూరంగా ఉంచండి. ఒకటి వెంట ఒకటి చస్తుంటే పశువుల ఆసుపత్రికి గాని 1962కి గాని చెప్పండి. చచ్చిన కోడిని కాలువలో విసిరేయకుండా మూడడుగుల గోతిలో సున్నం చల్లి పూడ్చాలి. ఆ కాలువ నీళ్లే కింది ఊళ్లు వాడుకుంటాయి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల కాలం. 1996 నవంబరులో కోనసీమ కొబ్బరి తోటలు ఎలా నేలకొరిగాయో పెద్దవాళ్లకి గుర్తే. హెచ్చరిక రాగానే తేనె పెట్టెని స్టాండుతో సహా తాడేసి నేలలో కొట్టిన మేకులకి నాలుగు వైపులా బిగించండి. మూత మీద రెండు ఇటుకలు పెట్టి, ద్వారం వైపు కాస్త వాలుగా ఉంచితే నీళ్లు లోపల నిలవవు. కోళ్లని గంపల్లో ఇంటి వరండాలోకి తెచ్చి మూడు రోజుల మేత పొడిగా దాచుకోవాలి. లంక గ్రామాల్లో వరద నీరు పెరుగుతుంటే రాత్రి ద్వారం జాలీతో మూసి పెట్టెని గట్టు మీదికి చేర్చండి. గాలీ వానా తగ్గాక గూట్లో పాత పరుపు మొత్తం పారేసి కొత్తది వేయాలి, పెట్టెలోకి ఆ సాయంత్రమే గ్లాసుడు పాకం ఇవ్వాలి. పూత రాలిపోయి ఉంటుంది కాబట్టి పది పన్నెండు రోజులు పాకం మానకండి.